తుడవక్కర్లేని నీళ్ళు

"ఓడలో రైస్ కుక్కర్ పెట్టుకోనిస్తారో లేదో, ముందు అది కనుక్కో," అన్నాడు నరసింహారావు, దోసె తుంచి చట్నీలో ముంచుతూ.

పొయ్యి దగ్గర నుంచుని ఇంకో దోసె తిరగేస్తున్న వాసంతి తల తిప్పి చూసింది. ఆయన అడిగింది కోటప్పకొండ తిరణాల బస్సు గురించి కాదు మరి. భూమికి అవతలి అంచున, అలాస్కాలో, కొండలంత ఐసు సముద్రంలోకి దిగొచ్చి నుంచుంటుందట, దాన్ని చూపించడానికి ఓడలు పోతాయట. దాన్ని గ్లేసియర్ అంటారని నరసింహారావుకి తెలిసి నెల కూడా కాలేదు. దాచేపల్లిలో సిమెంటు డీలరు ఆనంద్ బాబు ఫోన్లో ఓ వీడియో చూపించాడు, అంతే, పట్టుకుంది పిచ్చి. నరసరావుపేటలో అంత పెద్ద పురుగుమందుల కొట్టు పెట్టుకుని, కంపెనీలు తిప్పితే బ్యాంకాకూ బాకూ తిరిగొచ్చిన మనిషి, ఐసు కొండ చూడకపోతే నలుగురిలో తలెత్తుకుని ఎట్టా తిరుగుతాడు!

"ఈసారి మీ ఆడాళ్ళని కూడా తీసకపోదామనుకుంటన్నాం, నేనూ ఆనంద్ బాబు వాళ్ళూ. బాకూలో ఆ రొట్టెముక్కలు మింగలేక చచ్చామే. మీరుంటే ఇంత అన్నం, ఇంత పప్పుచారు, తిండికి ఇబ్బంది ఉండదు. ఏ ఓడ మంచిదో, ఏ రూటులో పోవాల్నో అన్నీ నువ్వే చూసి పెట్టు. ఇంట్లో నీకు పనేముంది?"

పనేముంది. నిజమే కదా అనుకుంది వాసంతి, దోసె పళ్ళెంలో వేస్తూ. పొద్దున్నే టిఫిన్లు, కొట్లో కుర్రాళ్ళకి క్యారియరు, మధ్యాహ్నం కొట్టు స్టాకంతా కంప్యూటర్లోకి ఎక్కించడం, ఏ మందు డబ్బా గడువు ఎప్పుడు తీరిపోతుందో చూసి చెప్పడం, సాయంత్రం ఆయన పార్టీవాళ్ళని వెంటేసుకొస్తే పదిమందికి టీలు, అందులో ఇద్దరికి చక్కెర లేకుండా. వీటిల్లో ఒక్కటీ పని కిందికి రాదు. పెళ్ళయిన కొత్తల్లో అడిగింది కూడా, నేను చేసేదాన్ని మరేమంటారు అని. "ఇల్లు చూసుకోవటం" అన్నాడాయన. చూస్తే అయిపోయేదైతే ఇంకేం, కుర్చీ వేసుక్కూచుని చూస్తానే ఉండేది. ఇంతకీ ఆ పొద్దున ఆమె గుండెల్లో పడిన రాయి వేరే ఉంది. ఆయన ఇందాకట్నుంచీ ఐసు, ఐసు అంటూనే ఉన్నాడు. ఆ మాట వినగానే వంటింట్లో ఎక్కడ్నుంచో తడిసిన ఊక వాసన కొట్టింది. వాసంతి పొయ్యి ఆపేసింది.

కూతురు సంజన ఇప్పుడు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. ఆ పిల్ల ఒకటో క్లాసులో ఉన్న ఎండాకాలం నుంచీ వాసంతి ఐసు ముట్టుకోలేదు. పెళ్ళిళ్ళలో చల్లటి జ్యూసు ఇస్తే గ్లాసు పక్కవాళ్ళకి ఇచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో ఐసు ట్రే ఉంచదు. "పళ్ళు జివ్వుమంటాయి" అని చెప్పి తప్పించుకుంటుంది. అసలు సంగతి ఎవరికని చెప్పుకుంటుంది?

అది రోహిణి కార్తె. బొల్లాపల్లి దగ్గర ఊళ్ళో, వాళ్ళ పాత ఇంట్లో, అత్తగారు సరస్వతమ్మ పొద్దున్నే వాకిలి ఊడుస్తా ఊడుస్తా చీపురు పట్టుకునే కూలబడిపోయింది. మళ్ళీ లేవలేదు. కొడుకేమో కంపెనీ టూరని బ్యాంకాకులో ఉన్నాడు. కొడుకు రాందే శవాన్ని ఎత్తేది లేదన్నారు పెద్దమనుషులు. ఫ్రీజర్ బాక్సులు అప్పటికి ఆ పల్లెల దాకా రాలేదు. వినుకొండ నుంచి ఊకలో కప్పిన ఐసు దిమ్మలు ట్రాక్టర్లో తెప్పించి, నడింట్లో పరిచి, వాటిమీద చాపేసి ఆమెని పడుకోబెట్టారు.

ఆ ఎండకి ఐసు ఆగుతుందా? కరిగి, గడప దాటి వరండాలోకి పారటం మొదలెట్టింది. శవం కిందినుంచి వచ్చే నీళ్ళు ఎవరూ తొక్కకూడదన్నారు. పనిమనిషి ముట్టుకోనంది. ఇంటి కోడలే తియ్యాలన్నారు. మగాళ్ళు షామియానా కింద కుర్చీల్లో కూచుని ఎలక్షన్ల కబుర్లలో పడ్డారు. వాసంతి అత్తగారి పాతచీరలే చింపి, మోకాళ్ళమీద కూచుని అద్దటం, బకెట్లోకి పిండటం, పెరట్లో దూరంగా పారబోసి రావటం, మళ్ళీ అద్దటం. చేతివేళ్ళు కొయ్యబారిపోయి, పిండుతున్నది చీరో తన చెయ్యో తెలియకుండా పోయింది. "అమ్మాయ్, నీళ్ళు ఇటొస్తన్నయ్, చూసుకోవా?" అని షామియానా కిందినుంచి ఎవరో ఒకరు కేకేస్తూనే ఉన్నారు. ఒక్కడు లేచొచ్చి ఆ బకెట్టు పట్టుకున్న పాపాన పోలేదు.

అప్పుడే వాసంతికి ఒకటి తట్టింది. అత్తగారు పగటిపూట పడుకుని ఉండగా తాను చూడటం అదే మొదలు. అందరికంటే ముందు లేచేది, అందరూ పడుకున్నాక పడుకునేది. అన్నం కూడా వంటింటి గోడకి ఆనుకుని నుంచునే తినేది. కోడల్ని పేరుపెట్టి పిలిచింది లేదు. "ఏమే, తుడిచావా?" అదే పిలుపు. అరుగు తుడిచావా, పొయ్యి తుడిచావా, పిల్లదాని ముక్కు తుడిచావా. ఎంత ఏడిపించిందో! అట్టాంటి మనిషి చలికి ముడుచుకోకుండా, కాళ్ళు చాపుకుని, మొహాన పసుపుతో నిమ్మళంగా పడుకునుంది. ఒకపక్క ఐసు ముందే కరిగిపోయిందేమో, శవం మెల్లగా వాసంతి వైపు ఒరిగింది. ఒరిగి, చెవి దగ్గర చెప్పినట్టుగా అంది: "ఏమే, తుడిచావా?"

చుట్టూ కూచున్న ఆడవాళ్ళెవరూ తల తిప్పలేదు. వాసంతి చీరముక్క గట్టిగా పట్టుకుని తుడుస్తూనే ఉంది.

మర్నాడు నరసింహారావు దిగాడు. కారు దిగి పరిగెత్తుకుంటూ లోపలికొచ్చి, ఆ తడిలో జర్రున జారాడు. గడప పట్టుకుని నిలదొక్కుకుని, తల్లి మొహం ఇంకా చూడకముందే పెళ్ళాం మీద కళ్ళెర్రజేశాడు. "ఏందే ఈ తడి? ఇంతమంది వచ్చే ఇంట్లో తుడుచుకోవాల్సిన పన్లా?"

అంతే, ఆ రోజు నుంచి పట్టుకుంది. చెరుకురసం బండి దగ్గర ఐసు కొడుతుంటే వినబడేది: ఏమే, తుడిచావా? పక్కింటి ఫర్జానా వాళ్ళ ఫ్రిజ్ కరిగి నీళ్ళు కారితే వినబడేది. ఊక వాసన ముందొచ్చేది, గొంతు తర్వాత. వాసంతి ఒకసారి భర్తకి చెప్పబోయింది. "మా అమ్మ బతికుండగా నీకు పడలా, చచ్చినాకా పడదా?" అన్నాడు. ఆ తర్వాత ఎవరితోనూ ఎత్తలేదు.

ఇప్పుడేమో ఇంత ఐసూ ఆమే వెతికి పెట్టాలి. మధ్యాహ్నం కొట్టు లెక్కలు ఎక్కించాక సంజన పాత ట్యాబ్ ముందేసుకుని వీడియో పెట్టింది. తెల్లటి ఓడ. ఎదురుగా ఆకాశానికి ఆనుకున్న ఐసుగోడ, మధ్యమధ్యలో నీలిమందు కలిపినట్టు నీలం. ఓడలో జనం దుప్పట్లు కప్పుకుని, చేతిలో వేడి కప్పులతో, ఊరికే కూచుని చూస్తున్నారు. ఆడవాళ్ళు కూడా! అంతలో ఫెళఫెళమని ఉరిమినట్టయి, గోడలోంచి ఇంటంత ముక్క విరిగి సముద్రంలో పడింది. నీళ్ళు లేచాయి.

ఊక వాసన గుప్పుమంది. వెనక భుజం పక్కనే వినబడింది. "ఏమే, తుడిచావా?"

ఇన్నేళ్ళలో వాసంతి ఆ గొంతుకి ఏనాడూ బదులివ్వలేదు. ఆ రోజు ఏం తెగింపు వచ్చిందో ఏమో, "ఎక్కడని తుడిచేది అత్తయ్యా? సముద్రమది," అంది పైకే.

  గొంతు మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం మెత్తగా, అర్థంకానట్టుగా. "మరి ఆ నీళ్ళన్నీ ఎవురు తుడస్తారే?"

"ఎవరూ తుడవరు. వాటి మానాన అవి పోతాయి."

"నిజంగానా?"

"నిజంగానే అత్తయ్యా."

"ఇంకోసారి పెట్టు," అంది సరస్వతమ్మ.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు వాసంతికి. మళ్ళీ పెట్టింది. ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఇద్దరూ చూశారు. భయం పోయిందా అంటే పోలేదు, వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఒక్కరోజూ రాలేదు. కానీ చూస్తూ చూస్తూ ఓడల సంగతి బాగానే వంటబట్టింది. పెద్ద ఓడలున్నాయి, ఊరంత ఊరు, లోపల సినిమాహాళ్ళు, జూదాలు, మన తిండి కూడా దొరుకుతుంది, ఐసు ముందు ఓ పూట ఆగి పోతాయి. చిన్న ఓడలున్నాయి, హంగులేం ఉండవు, సన్నటి పాయల్లోకి దూరి రోజంతా ఐసు ఎదురుగానే నిలబడతాయి, రబ్బరు పడవల్లో ఇంకా దగ్గరికి తీసకపోతాయి. కిటికీ లేని గదులుంటాయి, వాటికేసి కన్నెత్తి చూడకూడదనుకుంది. కిటికీలేని వంటింట్లో ఎన్నేళ్ళున్నదీ ఆమెకి తెలుసు.

ఆ వారమే స్టేషన్ రోడ్డులో నిఖత్ ఆఫీసుకి పోయింది. నిఖత్ యాకూబ్ మెకానిక్ కూతురు. ఉమ్రాకని మక్కా పోయేవాళ్ళకీ, కాశీ పోయేవాళ్ళకీ, విమానం టిక్కెట్లు కావాల్సిన వాళ్ళకీ ఆ పిల్లే దిక్కు. వాసంతి చెప్పిందంతా విని, "పిన్నీ, చానా చదువుకుని వచ్చావే!" అని నవ్వింది. "ఈ చిన్న ఓడే బాగుంటది. కానీ పిన్నీ, కుక్కరు మాత్రం ఏ ఓడలోనూ పెట్టనియ్యరు. బ్యాగులో దొరికితే తీసి పక్కన పెట్టేస్తారు, దిగేటప్పుడే ఇచ్చేది."

ఆ ముక్క చెబుదామని వాసంతి అక్కడ్నుంచే భర్తకి ఫోను చేసింది. కొట్లో రద్దీగా ఉంది కాబోలు, ఆయన అరిచినట్టు మాట్లాడుతున్నాడు. ఆ అరుపు నిఖత్‌కి కూడా వినబడుతోంది.

"కుక్కర్ లేకపోతే ఓడెందుకే మనకి? ఆనంద్ బాబు ఇంకోటి చెప్పాడు. ఆ రేవు ఊళ్ళో కిచెన్ ఉన్న ఇల్లు దొరుకుతదంట వారానికి. అక్కడ్నుంచి పొద్దున పోయి ఐసు కొండ చూసి సాయంత్రానికి తిరిగొచ్చే పడవలుంటయ్ అంట. అది తీసుకో."

"మరి పడవకి ఎంతమందికి చెప్పమంటారు?"

"మగాళ్ళం ముగ్గురం. ఆ చలిలో మీరెందుకే, జబ్బు చేస్తే మళ్ళా మాకే తిప్పలు. మేం వచ్చేసరికి మీరు ఇంత వేడివేడిగా వండి ఉంచితే చాలు. మీరూ అంతదూరం చూసినట్టుంటది."

ఫోను పెట్టేసింది వాసంతి. నిఖత్ ఆమె మొహంలోకి చూడలేక కంప్యూటర్ వైపు తిరిగి ఊరికే ఏవో మీటలు నొక్కుతోంది. భూమి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పోయి, ఎవరిదో ఇంట్లో పప్పుచారు పోపు పెట్టటం. కిటికీలోంచి కూడా ఐసు కనపడదేమో. వాళ్ళొచ్చి తడి బూట్లతో లోపలికి నడుస్తారు. ఆ ఐసు కరిగిన నీళ్ళు అక్కడ కూడా, ఆ పరాయి ఊళ్ళో కూడా, గచ్చు మీద తనే వొంగి...  వాసంతికి సిగ్గు వేసింది, ఇన్నాళ్ళూ ఆ వీడియోల్లో ఓడమీద కూచున్న ఆడవాళ్ళ పక్కన తనకీ ఓ కుర్చీ వేసుకున్నందుకు.

ఆఫీసులో ఏసీ కింద ఊక వాసన మొదలైంది. గొంతు ఏమంటుందోనని ఎదురుచూసింది. ఏమీ అనలేదు. ఆ మనిషి అట్టా నోరుమూసుకుని నుంచోవటం బతికుండగా కూడా చూడలేదు వాసంతి. అడగటానికి మొహమాటపడుతున్నట్టుంది.

"నిఖత్," అంది వాసంతి, "మీ బాబాయి వాళ్ళకి ఆ కిచెన్ ఉన్న ఇల్లే తియ్యి. పడవ కూడా. ముగ్గురికి."

"మరి నీకు పిన్నీ?"

"నాకా చిన్న ఓడ. కిటికీ ఉన్న గది. బొల్లాపల్లిలో మా అమ్మ ఇచ్చిన చేను కౌలు నా అకౌంట్లోనే పడతా ఉంది, దాంట్లోంచి కట్టుకో."

నిఖత్ కళ్ళు పెద్దవి చేసి చూసింది. "బాబాయికి తెలుసా?"

"కుక్కర్ సర్దుకునేటప్పుడు చెప్తాలే."

ఆ పిల్ల నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వి, కంప్యూటర్లో గది ఫొటో తెరిచి ఇటు తిప్పింది. గుండ్రటి కిటికీ, దాని కింద అటొకటి ఇటొకటి రెండు మంచాలు, తెల్లటి దుప్పట్లు. అంతలోనే మొహం చిన్నబుచ్చుకుంది. "ఒకటే చిక్కు పిన్నీ. ఈ ఓడల్లో ఒక్కరే పోయినా గదికి ఇద్దరి డబ్బులూ కట్టించుకుంటారు. ఆ రెండో మంచం దండగ. ఖాళీగా ఉంటది."

వాసంతి ఆ మంచం వైపు చూసింది. కిటికీ పక్కనే ఉంది. పగలంతా వెలుతురు పడుతుంది. చెవి దగ్గర ఎవరో ఊపిరి బిగబట్టుకుని వింటున్నారు.

"ఖాళీగా ఏం ఉండదమ్మా, కట్టెయ్," అంది. "పగలు పడుకోవాల్సిన మనిషి ఒకావిడుంది."