పళ్ళకర్ర పట్టుకోవడం రాని దొరసాని

మా ఫ్యూన్ దీవిలో గడ్డి కోతలంటే ఒళ్ళు హూనం. ఆ ఏడు అదే గడ్డిలో దొరలు సరదాగా పొద్దుపుచ్చుతున్నట్టు బొమ్మ గీయడానికి కోపెన్‌హేగన్ నుంచి వింథర్ అనే చిత్రకారుడు వచ్చాడు. బొమ్మ కిర్‌స్టీన్‌ది. సారాయి బట్టీ మీద గడించి బంగళా, భూములు కొన్న బ్రాస్క్ దొర భార్య ఆమె.

పుట్టింది మాత్రం మా పక్క గుడిసెలో. ఊహ తెలిసినప్పటి నుంచీ నాతోపాటు గడ్డి లాగిన మనిషి. పెళ్ళయ్యాక ఆ సంగతి పూడ్చేసి, పట్నంలో పుట్టానని చెప్పుకుంది. ఆరోజు బొమ్మ చూడ్డానికి పాత వంశపు బ్యారనెస్ వచ్చి కుర్చీ వేయించుకుంది. ఆవిడకు అసలు సంగతి తెలిస్తే దీవిలో ఏ పెద్దింటి నుంచీ కిర్‌స్టీన్‌కు భోజనానికి పిలుపు రాదు.

కోసిన గడ్డిని లాగే పళ్ళకర్ర అందుకోగానే ఆమె చేతులు వాటి చోట్లకి వాటంతటవే వెళ్ళిపోయాయి.

"అయ్యో, అలా కాదండీ! కూలిమనిషిలా పట్టుకున్నారు. ఎన్నడూ ఎరగనట్టు పట్టుకోవాలి," అన్నాడు వింథర్.

ఎన్నిసార్లు మార్చినా చేతులు అక్కడికే వచ్చాయి. బ్యారనెస్ కళ్ళద్దాలు సవరించుకుంది.

"నువ్వు చూపించవోయ్," అన్నాడు వింథర్, పక్కనే గడ్డి లాగుతున్న నాతో.

దగ్గరికి వెళ్ళాను.

"చచ్చానురా రాస్మూస్. చేతులు మాట వినట్లేదు," అంది కిర్‌స్టీన్ పెదవి కదపకుండా.

"చీపురనుకో."

"అదీ వచ్చు కదరా!"

"అయితే పామనుకో."

రెండు వేళ్ళతో, ఒంటికి దూరంగా పట్టుకుంది.

"అదీ! ఎంత నాజూకు!" అన్నాడు వింథర్.

బ్యారనెస్ లేచింది. "ఏం నాజూకయ్యా, నా తలకాయ! ఇలా తే అమ్మాయ్." పావడా ఎగదోపి, గడ్డి వరస మొత్తం చివరిదాకా లాగి పడేసింది. "మా అమ్మ ఏటా మా చేత లాగించేది. మన గడ్డికి మనకి సిగ్గేమిటి? రా, నేర్పిస్తాను."

కిర్‌స్టీన్ నేర్చుకోక తప్పలేదు. కావాలని తప్పు చేసినప్పుడల్లా ముసలావిడ మోచేతి మీద ఒక్కటి వేసేది. చివరికి కిర్‌స్టీన్ విసిగిపోయి, ఒళ్ళు మరిచి, బారెడు గడ్డి ఒక్క ఊపున లాగేసింది. నేను బ్యారనెస్ మొహంలోకి చూశాను.

ఆవిడ చప్పట్లు కొట్టింది.

"పట్నం పిల్లవైనా చురుకే! బుధవారం మా ఇంట్లో భోజనం. పెందలాడే రా, మా గడ్డి ఇంకా లాగలేదు."