ఎదురెదురు గాలిమోటర్లు

చౌటుప్పల్‌కు నాలుగు కోసుల దూరంలోని ఊళ్ళో పద్మశాలి గండయ్య నేసే తేలియా రుమాళ్ళకు మంచి పేరుండేది. నూలును ఆముదపుకాయల బూడిద నీళ్ళలో, నూనెలో ఇరవై రోజులు నానబెట్టి ఆరబెట్టేవాడు. బొమ్మ ఎక్కడ పడాలో అక్కడ దారంతో చిటికి కట్టి, ఎరుపులో, నలుపులో ముంచి, ఆ తర్వాతే మగ్గానికి ఎక్కించేవాడు. ఒకసారి రంగు పట్టిన నూలుకు ఇక మాట మార్చుకునే వీలుండదు. ఆ విషయంలో అది ఊరి దొర కంటే నిక్కచ్చి.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలానికి యూనియన్ సర్కారు నిజాం రాజ్యానికి సరుకులు ఆపేసింది. నూలు రాలేదు, గ్యాసునూనె రాలేదు, చలిజ్వరానికి మందు రాలేదు, చివరికి ఉప్పు కూడా రాలేదు. ఢిల్లీ హైదరాబాదు వంక గుర్రుగా చూస్తోంది. హైదరాబాదు కరాచీ వంక ఆశగా చూస్తోంది. గండయ్య భార్య రాజమణి ఖాళీ ఉప్పుకుండ వంక చూస్తోంది.

ఆమె చూపు భరించలేక కొడుకు ఐలేశం సరిహద్దు దాటిపోయి మూటెడు ఉప్పు తెచ్చాడు. ఊరి పొలిమేరలోనే నిజాం పోలీసులకు పట్టుబడ్డాడు. అది శత్రుదేశపు ఉప్పు అని తేల్చి, ఉప్పునూ వాణ్ణీ తాలూకా ఠాణాలో పెట్టారు. వాడికి ఇరవై ఏళ్ళు. ఒక్కడే కొడుకు. గండయ్య రెండుసార్లు ఠాణాకు పోయి, గేటు బయటి నుంచే తిరిగొచ్చాడు.

దొర గడిలో రేడియో ఉండేది. రాత్రి అది చెప్పింది పొద్దున్నే దొర తనకే తోచినట్టు చెప్పేవాడు. కరాచీ నుంచి విమానాలు రానున్నాయి, ఫిరంగులు రానున్నాయి, ఢిల్లీవాళ్ళు పాదాల మీద పడనున్నారు. గెలిచేదెవరో ఆయనకు తేలిపోయింది కాబట్టి, రజాకార్ల దళనాయకుడు సాలార్‌కు ఒక రుమాలు కానుక ఇవ్వాలని గండయ్యను పిలిపించాడు.

"ఏంరా గండిగా, ఎన్నాళ్ళు నేస్తవు గా చిలుకలు? గాలిమోటర్లు నెయ్యి. ఎనిమిది ఉండాలె. మన సర్కారు బలమెంతో రుమాల్ల కనబడాలె."

గండయ్య చేతులు కట్టుకుని కొడుకు సంగతి అడిగాడు. రుమాలు సాలార్‌కు ముట్టిన మర్నాడే వాడు ఇంట్లో ఉంటాడని దొర మాట ఇచ్చాడు.

గండయ్య ఆకాశంలో విమానాన్ని చూసింది ఒక్కసారే. దొర దాచిపెట్టిన నూలు ఇప్పించాడు, ఆయన ఇచ్చిన పత్రికలో బొమ్మ చూసి గండయ్య కట్టాడు. తేలియా రుమాలుకు నూలును మడిచి కడతారు. ఒక సగానికి కట్టిన బొమ్మ రెండో సగంలో అద్దంలోలాగా ఎదురుతిరిగి వస్తుంది. చిలుకలైతే ముక్కూ ముక్కూ చూసుకుంటాయి. తాతల నాటి నుంచి దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. కొడుకు తొందరగా రావాలన్న ఆరాటంలో గండయ్య ఇంకేమీ ఆలోచించలేదు. చేతి అలవాటు కొద్దీ మడిచి, ఎనిమిది కట్టాడు. బట్ట మగ్గం దిగేసరికి పదహారయ్యాయి. ఎనిమిదింటి మీదికి ఎనిమిది దూకుతున్నాయి.

శ్రావణమాసం చివర సాలార్ గడికి వచ్చాడు. రుమాలు పరిపించి మీసం దువ్వుకున్నాడు. అంతలోనే వేలు ఆగింది. ఇవి మనవి, మరి ఎదురొచ్చేవి ఎవరివని అడిగాడు. దొర గండయ్య వంక చూశాడు. నూలు మడిచినందుకు అట్లా వచ్చిందని గండయ్య ఉన్నమాట చెప్పాడు. సాలార్‌కు మడతతో పనిలేదు. శత్రువు విమానాలను ఒకటొకటిగా లెక్కపెట్టాడు. అవీ సరిగ్గా ఎనిమిదే.

"మన రాజ్యంల ఉండి, దుష్మన్‌కు మనతోని బరాబర్ గాలిమోటర్లు ఇస్తవా?"

నిజానికి ఆ రోజు నిజాం రాజ్యానికి నమ్మకంగా ఉన్న యుద్ధవిమానాలు ఆ రుమాలు మీద ఉన్నవే. ఆ మాట అనే ధైర్యం గడిలో ఎవరికీ లేకపోయింది.

రుమాలు వెనక్కి వచ్చింది. ఎదురు విమానాలు లేకుండా మరొకటి నెయ్యమని దొర హుకుం చేశాడు. మడవకుండా కట్టాలంటే పోగుపోగునూ విడిగా కట్టాలి, పని రెండింతలు. రాజమణి నూలు నానబెడుతూ అంది: "దుష్మన్ గాలిమోటర్లు కూల్చుడు సాలార్‌కు చాతగాలే. నీకు అప్పజెప్పిండు."

ఆ నూలు ఇంకా నూనెలో నానుతుండగానే యూనియన్ సైన్యం వచ్చింది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. ఆకాశంలో విమానాలైతే వచ్చాయి. కరాచీ నుంచి ఒక్కటీ రాలేదు. సాలార్ ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. దొర ఎర్ర కుచ్చుటోపీ పెట్టెలో దాచి తెల్లటోపీ పెట్టుకున్నాడు. ఢిల్లీ గెలుస్తుందని తాను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నానన్నాడు.

వెంటనే గండయ్యను వెంటబెట్టుకుని, మొదటి రుమాలే పట్టుకుని, తాలూకాలో దిగిన యూనియన్ సైన్యపు మేజర్ దగ్గరికి పోయాడు. మేజర్ కూడా చూసి మెచ్చుకున్నాడు. ఇవి మావి, మరి ఎదురొచ్చేవి ఎవరివని ఆయనా అడిగాడు. ఈసారి దొర తడుముకోలేదు.

"నిజాంవి సాబ్. లొంగిపోయేతందుకు ఎదురొస్తున్నయి."

మేజర్ పకపకా నవ్వి రుమాలు బల్లమీద పరిపించుకున్నాడు. ఆ వారంలోనే దొర శాంతి సంఘానికి పెద్ద అయ్యాడు.

గండయ్య మేజర్ కాళ్ళ దగ్గర కూర్చుని కొడుకు పేరు చెప్పాడు. కాగితాలు తీయించారు. మున్షీ ఉర్దూలో ఉన్నది చదివాడు: సరిహద్దు అవతలి నుంచి ఉప్పు తెచ్చినవాడు. అవతల ఉప్పు ఇచ్చేదెవరని మేజర్ అడిగాడు. అక్కడ దొరల మీద తిరగబడ్డ సంఘపోళ్ళ క్యాంపులున్నాయని దొర చెప్పాడు. అయితే వీడు కమ్యూనిస్టు అని మేజర్ తేల్చాడు. నిజాం రాజ్యంలో యూనియన్ ఉప్పు, యూనియన్ రాజ్యంలో కమ్యూనిస్టుల ఉప్పు అయింది. ఇంటివాళ్ళు మాత్రం అందులో ఒక్క ఉప్పుకల్లైనా కూరలో వేసుకోలేదు.

ఇంతకన్నా పెద్ద సాహెబు రాబోతున్నాడని, ఈసారి ట్యాంకులు నెయ్యమని, కొడుకు రావడం ఖాయమని దొర అన్నాడు. ముందు వాణ్ణి ఒక్కసారి కళ్ళతో చూపించమన్నాడు గండయ్య. దొర చీటీ రాసిచ్చాడు.

ఠాణాలో జవాను చెన్నయ్య పాతవాడే. టోపీమీది బిళ్ళ కొత్తది. చీటీ చదివి, గండయ్యను వెనక పక్కకు తీసుకుపోయి తాగడానికి నీళ్ళిచ్చాడు.

"ఇన్నవా మామా, నీ కొడుకు శ్రావణం మొదట్లనే పోయిండు. చలిజ్వరం. మందు లేకుండె."

అప్పటికి రుమాలు ఇంకా మగ్గం మీదే ఉంది.

చెన్నయ్య మిగతాది గొంతు తగ్గించి చెప్పాడు. చనిపోయినవాడి పేరు కొట్టేస్తే వాడి తిండిబత్తెం తన చేతికి రాకుండా పోతుందని జమేదారు కొట్టెయ్యలేదు. కొత్త సర్కారు ఖైదీలను పేర్ల పట్టీ చూసి స్వాధీనం చేసుకుంది, ముఖాలు చూసి కాదు. నలభై ఒక్కమంది కమ్యూనిస్టులు చిక్కారని మేజర్ పైకి రాసేశాడు. ఇప్పుడు ఒకడు తక్కువైతే పారిపోయాడంటారు, అది జవాన్ల మెడకు చుట్టుకుంటుంది. గండయ్య అంతా విని, ఎక్కడ పెట్టారని మాత్రం అడిగాడు. గుట్ట వెనకాల, ఆ వారంలో జ్వరంతో పోయిన ముగ్గురినీ కలిపి ఒకే గుంతలో. గుర్తేమీ లేదు.

ఇంటికి వచ్చి రాజమణికి చెప్పాడు. పోయిన రోజు వాడు అన్నం తిన్నాడా అని ఆమె అడిగింది. అది అడగాలని గండయ్యకు తోచలేదు.

రెండు రోజులకు దొర మనిషి బక్కయ్య ట్యాంకు బొమ్మ పట్టుకొచ్చాడు.

"కడత," అన్నాడు గండయ్య. "నా కొడుకు సచ్చిండని సర్కారుతోని కాయితం రాపియ్యమను. అప్పుడు కడత."

దొర రాపించలేదు. తన ఊరి నుంచి ఒక కమ్యూనిస్టు పట్టుబడ్డాడన్నది ఆయనకూ అక్కరకొచ్చే మాటే. మగ్గం ఆగిపోయింది. ఆలుమగలిద్దరూ కూలికి పోయి బతికారు. నెలకోసారి నడిచిపోయి కొడుకు పేరు కొట్టెయ్యమని అడిగారు. పట్టీ చూసే వాడికి మూడేళ్ళ శిక్ష వేశారు. పట్టీ ఠాణా నుంచి జైలుకు మారింది, సాహెబులు మారారు. ప్రతిసారీ ఒక వేలు పట్టీ వెంట దిగి, ఐలేశం, తండ్రి గండయ్య, హాజరు అనే చెప్పింది.

ఏడాదిన్నరకు వచ్చిన సాహెబు దయగలవాడు. కాగితాలన్నీ ఓపికగా తిరగేశాడు. ఐలేశం మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదని, ఇంత నెమ్మదైన ఖైదీని తాను చూడలేదని, అందుకే ఆరు నెలల శిక్ష తగ్గించానని చెప్పాడు. సంతోషంగా వెళ్ళిరమ్మన్నాడు.

గండయ్య తల వంచుకున్నాడు. రాజమణి వంచుకోలేదు.

"ఇంక ఎన్ని నెలలున్నయి సారూ?"

తొమ్మిది అన్నాడాయన.

"సరే. తొమ్మిదో నెల నిండినంక వస్తం," అందామె. "మా పిలగాన్ని మాకు అప్పజెప్పు."