ఈ ఇంట్లో కుట్టేదెవరు

పొద్దున్నే మొగుడు గోళ్ళకి బూట్ల జిగురు పూసుకుంటుంటే ఆమె గుమ్మంలో నిలబడి చూసింది. పూసుకుని, ఆరేదాకా ఊదుకుని, సరిపోయిందా అని ఆమెనే అడిగాడు. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో బూట్లు కుడుతున్నది ఆమె. ఆ జిగురు చేతులతో వడ్డించకు, కడుపులో తిప్పుతుంది అని తిండి దగ్గర ముక్కు మూసుకునేది ఆయన. ఇవాళ అదే జిగురుతో పెళ్ళికొడుకులా ముస్తాబవుతున్నాడు. ఆమెకు ఒళ్ళంతా రోత పుట్టింది.

సంగతేమిటంటే, కంపెనీ నుంచి ఒకావిడ వస్తోంది. బూటుకి తోలు ఒక దేశంలో కోస్తారు, అడుగు ఇంకో దేశంలో అచ్చుపోస్తారు. పైభాగం చేత్తోనే కుట్టాలి కాబట్టి అది సంచుల్లో ఇలాంటి ఇళ్ళకొస్తుంది. సంచులు తెచ్చేది బావగారు, ఆమె మొగుడి అన్న. ఆయనకిచ్చేది ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీకిచ్చేది ఏజెంటు, ఏజెంటుకిచ్చేది పెట్టె మీద పేరున్న కంపెనీ. ఆ కంపెనీకి ఇన్నేళ్ళూ ఈమె అనే మనిషి ఉన్నట్టే తెలియదు. ఈ మధ్య ఆ కంపెనీ ఉన్న దేశంలో ఎవరో గోల చేశారట, ఇళ్ళల్లో కుట్టేవాళ్ళు ఎవరో ఏమిటో తేల్చమని. దాంతో ఇంటింటికీ వచ్చి చూసి కుట్టేవాళ్ళకి కార్డులిస్తున్నారు. కార్డున్న మనిషికి కళ్ళు పరీక్ష చేయించి వైద్యం చేయిస్తారు.

ఆమెకు కావలసింది ఆ కార్డే. ఏడాదిగా ఎడమకన్ను మసకేస్తోంది. సూది బెజ్జం కనబడక వేలితో తడుముకుని దారం ఎక్కిస్తోంది. ఆ మాట చెప్పిన రోజున అత్తగారు, ఇంట్లో కూర్చుని చేసే పనికి కూడా కళ్ళు పోతాయా అని నవ్వింది. బావగారు వెళ్ళి కార్డుల లిస్టులో తమ్ముడి పేరు రాయించి వచ్చాడు. ఆడవాళ్ళ పేర్లు రాస్తే వంటింట్లో ఈ కంపేమిటి, పిల్లల పక్కన ఈ డబ్బాలేమిటి అని సవాలక్ష ప్రశ్నలట. మొగుడు ఓదార్చాడు కూడా. "ఎవరి పేరైతే ఏంటే, ఒకే ఇల్లు కదా. నువ్వెలాగూ ఖాళీ, కాస్త సాయం చేస్తుందని చెప్తాలే."

ఖాళీ! లేచింది మొదలు వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి మందులు. వాటి సందుల్లో రోజుకి పన్నెండు జతలు. సూది గుచ్చుకుంటే తోలుకి మరక కాకూడదని వేలు నోట్లో పెట్టుకుని ఆ నెత్తురు మింగిన రోజులెన్నో. సంచి బాగుందంటే అది అన్నదమ్ముల పనితనం, తిరిగొచ్చిందంటే ఆమె పరాకు. సిగ్గులేని మనుషులు అనుకుంది. అనుకోవడమే గానీ పైకి ఒక్క మాటా అనలేదు. అలా నోరు మూసుకోవడం తనకింత బాగా వచ్చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కంపెనీ ఆవిడ వచ్చింది. లోపలికి అడుగుపెడుతూనే వాసనకి ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. వెనకవీధిలో మురుగు పొంగిందని బావగారు తడుముకోకుండా చెప్పాడు. మొగుడు చేతులు బాగా కనబడేలా చాపుకుని కూర్చుని, నేర్చుకున్న జవాబులన్నీ గడగడా అప్పజెప్పాడు. ఆవిడ అన్నీ రాసుకుని, కొంచెం కుట్టి చూపించమంది.

ఇది మాత్రం ఎవరూ నేర్పలేదు. ఆ కుట్టులో ఒక దారానికి రెండు కొసలా రెండు సూదులుంటాయి. ఒకే కన్నంలో ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి దూరాలి. మొగుడు ఒక సూది పట్టుకుని, రెండోది పొరపాటున వేలాడుతోందనుకుని, దర్జాగా కత్తిరించి పారేశాడు.

అత్తగారు దగ్గింది. బావగారు ఆమెకేసి కళ్ళురిమాడు, అందుకోవే అన్నట్టు. అలవాటు కొద్దీ ఆమె వంగి, రెండు సూదులకీ కొత్త దారం ఎక్కించి, టకటకా నాలుగు కుట్లు వేసేసింది. వేశాక గానీ ఏం చేసిందో తెలియలేదు.

ఆవిడకి అంతా అర్థమైంది. ఆమెని చూసి నవ్వింది కూడా. ఆ నవ్వుకి ఆమె ప్రాణం లేచొచ్చింది. కానీ ఆవిడ కాగితం మార్చలేదు. ఇంకా ఆరిళ్ళు తిరగాలట, పేరు మారిస్తే మళ్ళీ మొదట్నుంచీ నింపాలట. ఎవరి పేరైతే ఏముంది, ఒకే ఇల్లు కదా అంది. కడిగిన ముత్యంలాంటి ఆ మనిషి నోట కూడా అచ్చంగా మొగుడి మాటే వచ్చేసరికి ఆమె తలెత్తి చూసింది. నిజంగా మురుగు పొంగినా ఇంత కంపు కొట్టదేమో అనిపించింది.

ఆవిడ ఫోను తీసి దగ్గరికి జరిగింది. "చేతులు అలాగే ఉంచండి. కంపెనీ పుస్తకంలో వేస్తారు. మొహం అక్కర్లేదు, చేతులు చాలు."

ఫొటోకి వెలుతురు అడ్డమవుతానని మొగుడు మర్యాదగా పక్కకి జరిగాడు. ఆమె రెండు సూదులూ తోలులో గుచ్చి కింద పెట్టి, చేతులు వీపు వెనక్కి పెట్టుకుంది.

"ముందు కార్డు మీద నా పేరు రాయండి" అంది. "లేదంటే ఈ సంచిలోవన్నీ ఈయన చేతే కుట్టించుకోండి. మంచం కింద ఇంకా నాలుగు సంచులున్నాయి."