పద్నాలుగో పేరు

ఆ నెల జాబితాలో ఇరవై మూడు పేర్లున్నాయి. గని టైమాఫీసు బయట బోర్డు మీద అంటించిన కాగితాన్ని, క్యాంటీన్లో పనిచేసే సంపత్ ఫోనుతో ఫొటో తీసి పంపాడు. నెలాఖరుకు రిటైరయ్యేవాళ్లు. వరుస సంఖ్య, పేరు, హోదా, క్వార్టర్ నంబరు. వేణుమాధవ్ ఆ ఫొటోను పెద్దది చేసి చూశాడు. సంతోషం కలగాల్సిన చోట ఏమీ కలగలేదు. పన్ను పీకే ముందు డాక్టర్ సూది వేస్తే పెదవి మనది కానట్టు అయిపోతుంది కదా, లోపల అలా ఉంది. హైదరాబాదులో ఉద్యోగం పోయి గోదావరిఖనికి తిరిగొచ్చినప్పటినుంచీ అలాగే ఉంది. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పుకోలేదు.

వ్యాపారం చిన్నది. ఇళ్లు ఖాళీ చేసేవాళ్ల సామాను కట్టి, ఎక్కించి, కొత్త చోట దించి సర్దిపెట్టడం. ట్రాలీ బండి ఉజైర్‌ది. గిరాకీ వెతకడం వేణు వంతు. మొదట్లో ఇంటర్నెట్లో నంబర్లు అమ్మేవాళ్ల దగ్గర కొన్నాడు. ఏ నంబరుకు ఫోన్ చేసినా, అప్పటికే అయిదుగురు చేశారని అటువైపు విసుక్కున్నారు. పేపర్లలో పెట్టి పంచిన కరపత్రాలు రెండో రోజుకల్లా బజ్జీల బండి దగ్గర కనిపించాయి. ఆ తరవాతే బోర్డు గుర్తొచ్చింది. రిటైరై దిగిపోయినవాడు కంపెనీ క్వార్టర్ వదలాల్సిందే. ఎవరు ఎప్పుడు ఇల్లు మారతారో కంపెనీయే రాసి గోడకు అంటిస్తోంది. పైసా ఖర్చు లేదు.

అయినా మూడు వారాల్లో ఒక్క ట్రిప్పు కుదరలేదు. శుక్రవారం సాయంత్రంలోగా ఒక్కటి కుదరకపోతే, శనివారం నుంచి బండిని బసంత్‌నగర్‌లో సిమెంటు బస్తాలకు పెడతానన్నాడు ఉజైర్. అంటే వ్యాపారం అక్కడితో సరి. ఆ మాట మెత్తగానే చెప్పాడు. "నీ మీద కోపం లేదు వేణు భాయ్. నిలబడ్డ బండికి టైర్లు గూడ పాడైతయి."

ఇవాళ శుక్రవారం. పొద్దుటినుంచి పదమూడు తలుపులు అయ్యాయి. ఒకాయన అల్లుడికే డీసీఎం బండి ఉందట. ఒకాయన క్వార్టర్‌ను ఆర్నెల్ల కిందటే ఖాళీ చేసి తాళం వేసుకున్నాడు. ఇంకో ఇంట్లో చాయ్ ఇచ్చి, కొడుక్కి ఏదైనా ఉద్యోగం చూడమన్నారు.

పద్నాలుగో పేరు గుండేటి రాజం, మైనింగ్ సర్దార్. క్వార్టర్ వరస చివర ఉంది. ముందు జామచెట్టు, దాని ఆకుల మీద బొగ్గు దుమ్ము. తలుపు వారగా తెరిచి ఉంది. హైదరాబాదులో అమ్మకాల శిక్షణ ఇచ్చినాయన ఒక మాట నూరిపోశాడు: గిరాకీని పేరు పెట్టి పిలవండి, మాట్లాడేలోగా మూడుసార్లయినా పిలవండి, మనిషికి తన పేరు కన్నా తియ్యనిది లేదు. వేణు అలవాటుగా గొంతులో కొంచెం చనువు తెచ్చుకున్నాడు.

"రాజం కాకా... రాజం కాకా ఉన్నడా?"

లోపల ఏదో గిన్నె కిందపడింది. మూడోసారి పిలవబోతుండగా గోడ పట్టుకుని ఒక ముసలావిడ వచ్చింది. కళ్ల మీద తెల్లటి పొర. ఆమె వేణు ముఖంలోకి కాకుండా, గొంతు వచ్చిన వైపు చూసింది.

"రాజం," అంది. "వచ్చినవా బిడ్డా."

కాదని చెప్పడానికి ఒక క్షణం ఉంది. ఆ క్షణాన్ని వేణు స్పష్టంగా చూశాడు, బస్సు ఆగి మళ్లీ కదలడాన్ని చూసినట్టు. కాదంటే ఆమె తలుపు వేస్తుంది. పదిహేనో ఇల్లు మూడు వీధుల అవతల. ఇక్కడ నీడ ఉంది, తలుపు తెరిచి ఉంది. మాట సాగనివ్వాలి, గిరాకీని నిలబెట్టాలి.

"వచ్చిన అవ్వా," అన్నాడు.

ఆమె చెయ్యి పట్టి లోపలికి తీసుకెళ్లింది. మంచం మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది. కామెర్లు తగ్గాయా అని అడిగింది. పసరు మందు మింగావా అని అడిగింది. తగ్గాయన్నాడు, మింగానన్నాడు. ఆమె అరచేయి అతని ముఖం మీద తిరుగుతోంది. నుదురు, కనుబొమలు, గడ్డం. తనలో ఏదైనా కదులుతుందేమోనని వేణు ఎదురుచూశాడు. కదల్లేదు. ఆ వేళ్లు ఎవరి ముఖాన్నో తడుముతున్నట్టు, తాను పక్కన నిలబడి ఆ పని అయ్యేదాకా ఆగినట్టు అనిపించింది. ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నపు బ్లాస్టింగ్ జరిగింది. కిటికీ అద్దం గలగలమంది. ఆమె పట్టు బిగిసింది, మళ్లీ సడలింది.

మొదటి షిఫ్టు దిగి వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో తెలీదు. బూట్లు విప్పలేదు. చేతిలో టిఫిన్ డబ్బా.

"పోశం, అన్న వచ్చిండురా," అంది ముసలావిడ.

"చూసిన అవ్వా."

ఆయన కళ్లతోనే బయటికి రమ్మన్నాడు. వేణు జామచెట్టు కిందికి వెళ్లి, ఫోనులో జాబితా చూపించి, బండి సంగతి గడగడా చెప్పాడు. పోశం ఫోను తీసుకుని తన వరసను వేలితో ఆపి చాలాసేపు చూశాడు. తిడతాడనుకున్నాడు వేణు. తిడితే బాగుండు అని కూడా అనుకున్నాడు.

"ఈ లైన్ల అందరు నన్ను సర్దార్ అంటరు తమ్మి. ఇంట్ల పోశం. రాజం అని ఈ తలుపు ముందర ఎవరు పిలువరు. ముప్పై ఏడేండ్లు అయితంది."

మిగతాది ఆయన డబ్బా మూత విప్పుతూ, మూస్తూ చెప్పాడు. బొగ్గుబాయిల నౌకరీ పిలుపు వచ్చింది అన్న రాజానికి. చేరాల్సిన వారంలోనే కామెర్లతో పోయాడు. పెద్దమనుషులు కూర్చుని, కాగితం వృథా చెయ్యొద్దని తమ్ముణ్ణి పంపారు. చిన్నవాడు పెద్దవాడి పేరు మీద మస్టరు పడి, పనిలో చేరాడు. బావుల్లో అట్లా వచ్చినవాళ్లు తానొక్కడే కాదన్నాడు. తన అసలు వయసు ప్రకారం ఇంకా మూడేళ్లు పని చెయ్యొచ్చు, కానీ అన్న వయసు లెక్కన దిగిపోతున్నాడు.

"పేరు బతికుండాలె గదా. అందుకని దినాలు చెయ్యలె. పోయిండని ఊర్ల ఎవ్వరు గట్టిగ ఏడ్వలె. అవ్వను గూడ ఏడ్వనియ్యలె." డబ్బా మూత బిగించాడు. "దిగినంక చేద్దామనుకున్న. ఇప్పుడు పింఛన్ కాయితాల మీద గూడ వాడే సంతకం పెట్టాలెనట."

వేణు క్షమించమన్నాడు. ఆ మాట కూడా శిక్షణలో నేర్చుకున్న గొంతుతోనే వచ్చింది. వేరే గొంతు కోసం లోపల వెతికాడు, దొరకలేదు.

లోపలినుంచి ముసలావిడ అడుగుతోంది, రాజం అన్నం తింటాడా అని. పోశం అటు చూడలేదు.

"రెండో తారీఖు నాడు మంథని దిక్కు మా ఊరికి పోవాలె. నెల సంది బతిమిలాడుతున్న, అవ్వ కదలనంటది. ఈ ఇల్లు ఇడిసిపెడితే రాజం ఎటు వస్తడంటది." ఫోను తిరిగి ఇచ్చాడు. "బండి నీదే మాట్లాడుకుంట. గానీ నువ్వు గూడ రావాలె. ముందు సీట్ల ఆమె పక్కన కూసోవాలె. ఊరు చేరెదాక."

"చేరినంక కాకా?"

పోశం డబ్బాను చంకలో పెట్టుకున్నాడు. "చేరినంక షిఫ్టుకు పోతున్న అని చెప్పు. అవ్వ అడిగినప్పుడల్లా మేము గూడ గంతే చెప్పినం."

వేణు ఒప్పుకున్నాడు. వెళ్లేముందు ముసలావిడకు చెప్పి వెళ్లమంటే గుమ్మం దాకా వెళ్లి, వస్తానవ్వా అన్నాడు. జల్ది రమ్మంది.

వీధి మలుపులో ఉజైర్‌కు ఫోన్ చేశాడు. ఒక ట్రిప్పు కుదిరిందన్నాడు. ఉజైర్ నిజంగానే సంతోషించాడు, సిమెంటు వాళ్లకు వద్దని చెప్పేస్తానన్నాడు. తరవాత పేరు ఏమని రాసుకోవాలని అడిగాడు.

"క్వార్టర్ నంబర్ రాసుకో," అన్నాడు వేణు.

పదిహేనో పేరు తెరపై ఉంది. హోదా హాల్‌మేన్, పక్కన క్వార్టర్ నంబరు. ఎవరి పేరో, ఎవరు మోస్తున్నారో కాగితం మీద తెలీదు. ఇంటి ముందు నిలబడి, పిలవకుండా తలుపు తట్టాడు. ఎవరూ రాలేదు. మళ్లీ తట్టాడు. లోపల టీవీ నడుస్తోంది. పిలిస్తే వినపడేది. ఫోను జేబులో పెట్టుకుని, ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లు బయటికి వచ్చేదాకా అరుగు మీద కూర్చున్నాడు. గడ్డం మీద, ఆమె వేళ్లు తిరిగిన చోట, సూది మత్తు వదిలేటప్పటి చురుకు లాంటిది మొదలైంది. చేత్తో రుద్దుకున్నాడు. పోలేదు.