ఆరో గుంత దగ్గర వాలు

రాయమల్లు బొగ్గుబాయిలో పద్దెనిమిదేళ్లు పనిచేశాడు. కుడిచేతి వేళ్లు రెండు బండ కింద పోయాక, మేనేజరు దొర తన గోల్ఫ్ సంచి మోసే పనిలో పెట్టుకున్నాడు. బాయిలోకి ఇప్పుడు కొడుకు ముత్యం దిగుతున్నాడు.

ఆదిలాబాదు జిల్లాలోని ఆ గనుల ఊరి మైదానంలో పచ్చిక నిలవదు. గుంతల చుట్టూ పాత నూనె కలిపిన ఇసుక పరిచేవారు. ఎంత తక్కువ దెబ్బల్లో బంతిని గుంతలో వేస్తే అంత గెలుపు. దొరకు బలముంది, ఓపిక లేదు. లెక్క ఎప్పుడూ తొంభై దాటేది.

“దూరం కొట్టుడు కాదు దొరా,” అనేవాడు రాయమల్లు. “రెండో దెబ్బ అల్కగ అయ్యేటట్టు మొదటిది కొట్టాలె.”

రెండేళ్లలో లెక్క ఎనభై రెండుకు దిగింది. ఏ చోట బంతి ఎటు మళ్లుతుందో రాయమల్లుకు తెలుసు. కింద బొగ్గు తీసిన చోటల్లా పైన నేల కుంగుతుంది. ఆ బొగ్గు తీసినవాళ్లలో అతనూ ఒకడు.

ఆ ఏటి గోల్ఫ్ పోటీకి నాలుగు రోజుల ముందు ఆరో గుంత దగ్గర ఇసుక సాపు చేసి, బంతి పెట్టి చూశాడు. అది తనంత తానే ఎడమకు దొర్లింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ దొర్లింది. సరిగ్గా దాని కిందనే ముత్యం వాళ్ల పని నడుస్తోంది.

“మొన్నటిదాంక గిట్ల లేకుండె దొరా,” అన్నాడు దొర రాగానే. “నేల దిగుతుంది. కింద బాయిల పైబండ ఆగేటట్టు లేదు. పోరగాండ్లను జర బయటికి తీయుండ్రి.”

దొర వంగి తానే బంతి పెట్టి చూశాడు.

“అంటే కుడివైపు కొడితే, అదే తిరిగి గుంతలో పడుతుంది.”

“పడ్తది దొరా. మరి కిందోళ్లు?”

“చెబుతాలే. వేళ్లతోపాటు ధైర్యం కూడా అక్కడే వదిలేశావా రాయమల్లూ?”

ఇంటికొచ్చి కొడుకును పోవద్దన్నాడు. ముత్యం నవ్వాడు. “బంతి దొర్లిందని నాగా వెట్టాల్నా బాపు? దొరకు చెప్పినవు గద, ఇంకేం ఫికర్?”

రెండేళ్లుగా మైదానంలో రాయమల్లు చెప్పిన మాట దొర ఒక్కటీ తీసెయ్యలేదు.

పోటీ నాడు దొర ఆరో గుంతకు కుడివైపు కొట్టాడు. బంతి మెల్లగా ఎడమకు మళ్లి గుంతలో పడింది. మొత్తం డెబ్బై తొమ్మిది. షీల్డు ఆయనకే వచ్చింది.

తెల్లారి మొదటి షిఫ్టులో పైబండ కూలింది. నలుగురు పోయారు. ముత్యాన్ని మూడో నాడు బయటికి తెచ్చారు.

దినాలయ్యాక రాయమల్లు సంచి అప్పజెప్పడానికి మైదానానికి వచ్చాడు. ఆరో గుంత ఉన్న చోట నేల నడుములోతు దిగిపోయి ఉంది. దొర దాని అంచున నిలబడి ఉన్నాడు.

“నువ్వు చెప్పావు రాయమల్లూ,” అన్నాడు తలెత్తకుండా. “నేను విన్నాను.”

రాయమల్లు సంచి కింద పెట్టాడు.

“ఇన్నరు దొరా. మంచిగనే కొట్టిండ్రు.”