మావయ్యగారి కట్టుడుపళ్ళ కేసు

మామిడికుదురులో సూర్యప్రకాశరావుగారి ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా ముందు వినబడేది వాళ్ళ కోడలు లక్ష్మీతులసి పేరే. భర్త సాయిబాబు స్కూటరు తాళాలు కానీ, మావయ్యగారి కళ్ళజోడు కానీ, టీవీ రిమోటు కానీ, ఏది పోయినా "తులసీ!" అని ఒక్క కేక. ఆమె పిండి చేతులతోనే వచ్చి, "నిన్న వార్తలు చూస్తా దిండు కింద పెట్టేరు కదండీ" అని తీసి ఇచ్చేది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఇదే పని. ఆ వస్తువు దొరకగానే అందరూ దాన్ని తీసుకుని వెళ్ళిపోయేవారు. వెతికిన మనిషిని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అందుకేనేమో, రెండిళ్ళ అవతల ఉండే రాహేలు టీచరుగారు చదివి చూడమని ఓ నవల చేతిలో పెట్టినప్పుడు, తులసికి తనెవరో కొత్తగా తెలిసినట్టయింది. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన రాహేలుగారికి డిటెక్టివ్ నవలలంటే ప్రాణం. అందులోనూ నవ్వించేవే కావాలి. ఆ నవలలో పేరమ్మ అని ఒకావిడ ఉంటుంది. పిండివంటలు చేసి అమ్ముకుంటుంది. ఊళ్ళో ఎవరింట ఏది పోయినా, ఆఖరికి ఎవరి ప్రాణం పోయినా, ఇన్‌స్పెక్టరు బుర్ర గోక్కుంటూ ఉండగా పేరమ్మ అరిసెలు వత్తుతూ దొంగని పట్టేస్తుంది. చివర్లో అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, తలో నాలుగు చేగోడీలు పెట్టి, "దొంగ ఈ గదిలోనే ఉన్నాడు" అంటుంది. ఇన్‌స్పెక్టరు నోట్లో చేగోడీ ఇరుక్కుంటుంది.

వస్తువులు వెతికిపెట్టే ఆడమనిషిని డిటెక్టివ్ అంటారని తులసికి అప్పటిదాకా తెలీదు.

ఆ తరవాత ఒకటి కాదు, పేరమ్మ పుస్తకాలు దొరికినవన్నీ చదివేసింది. సాయంత్రం రాహేలుగారి వరండాలో కూర్చుని ఇద్దరూ ఒక్కో అధ్యాయం చెప్పుకుని, కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వేవారు.

"ఒక మనిషిని చంపేస్తే మనం ఇలా నవ్వచ్చాండీ టీచరుగారూ?" అని ఒకరోజు తులసికి అనుమానం వచ్చింది.

"చచ్చినాయన మొదటి పేజీలోనే చచ్చేడు కదమ్మా. మనకి పరిచయం కూడా అవ్వలేదు" అన్నారు రాహేలుగారు. "నాకు రోజూ పేపర్ చూస్తే గుండె దడ. ఎవరు చేసేరో తెలీదు, తెలిసినా ఏమీ అవదు. ఇందులో అలా కాదు. పుస్తకం మూసేసరికి అన్నీ సర్దుకుంటాయి. మధ్యలో నవ్వు ఊరికే వస్తుంది. ఇంకేం కావాలి?"

సాయిబాబుకి మాత్రం భార్య అట్ట మీద కత్తి బొమ్మ ఉన్న పుస్తకం చూసి పకపకా నవ్వుతుంటే అన్నం ముందు కూర్చోవడానికి కొంచెం భయంగా ఉండేది.

ఇలా ఉండగా ఓ శనివారం పొద్దున్న తులసి వంటింట్లోకి వెళ్ళేసరికి, అత్తగారు సీతారత్నంగారు అప్పటికే స్నానం చేసి పొయ్యి దగ్గర ఉన్నారు. గిన్నెలో పెసరపప్పు పులగం మెత్తగా ఉడుకుతోంది.

"ఈవేళ పులగమేంటండీ అత్తయ్యగారూ?"

"ఊరికే. తినాలనిపించిందే" అన్నారావిడ గరిటె తిప్పుతూ.

అంతలో పడగ్గదిలోంచి ఓ కేక వినబడింది.

"ఫల్లు! నా ఫల్లేఫీ?"

సూర్యప్రకాశరావుగారి కట్టుడుపళ్ళు పోయాయి. రాత్రి పడుకునే ముందు కిటికీ దగ్గర గ్లాసులో నీళ్ళు పోసి వేసుకుంటారాయన. ఇప్పుడు గ్లాసుంది, నీళ్ళున్నాయి, పళ్ళు లేవు.

అవి మామూలు పళ్ళు కావు. కిందటేడు అమలాపురం వెళ్ళి, నోట్లో ఉన్న పళ్ళన్నీ పీకించుకుని, చిగుళ్ళు మానేదాకా ఆగి, కట్టించుకున్న సెట్టు. ఆ మధ్యకాలమంతా ఆయన బయటికి వెళ్ళలేదు. పళ్ళొచ్చిన మర్నాటి నుంచి పట్టపగ్గాలు లేవు. పొద్దున్నే సెంటర్లో హోటలుకి వెళ్ళి పెసరట్టు తిని, స్నేహితుడు బంగారరాజుగారితో రాజకీయాలు వాదించి, ఎండెక్కేక ఇల్లు చేరేవారు. వచ్చి అన్నం తిని పడుకునేవారు.

"తులఫీ!" అన్నారు మావయ్యగారు.

తులసి గుండె ఝల్లుమంది. పేరమ్మకి మొదటి కేసు వచ్చినప్పుడు ఇలాగే ఉండి ఉంటుంది.

ముందు కిటికీ చూసింది. దోమల జాలీ బిగించి ఉంది. మంచం కింద చూసింది, దుప్పట్లు దులిపింది. సాయిబాబుని నిలబెట్టి నిన్న రాత్రి ఎక్కడున్నారని అడిగింది. "నీ పక్కనే ఉన్నాను కదే" అన్నాడతను.

తరవాత పని చేసే నూకాలమ్మ వచ్చింది. తులసి ఆమెని పెరట్లోకి పిలిచి, కళ్ళు చిన్నవి చేసి, "నిన్న రాత్రి అంట్లు తోమి వెళ్ళేటప్పుడు ఆ గ్లాసు ముట్టుకున్నావా?" అని అడిగింది. పుస్తకంలో పేరమ్మ ఈ ప్రశ్న అడిగితే పనిమనిషి ఫక్కున నవ్వేసి లడ్డూ తీసుకుంటుంది.

నూకాలమ్మ నవ్వలేదు.

"అమ్మగారండీ, ఆరి పళ్ళు నేనేం చేసుకుంటానండీ? నా పళ్ళు నాకున్నాయి, చూసుకోండి" అని నోరు బారెడు తెరిచి చూపించి, చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

తులసి అక్కడే కొబ్బరి డొక్కల పక్కన నిలబడిపోయింది. నవల్లో అనుమానం రావడం సరదాగా ఉంటుంది. తనమీద అనుమానపడ్డారని తెలిసిన మనిషి మొహం చూడ్డం అంత సరదాగా లేదు. మధ్యాహ్నం గొడుగు వేసుకుని నూకాలమ్మ ఇంటికి వెళ్ళింది.

"తప్పయిపోయింది నూకాలమ్మా. నేనలా అడక్కుండా ఉండాల్సింది."

నూకాలమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నన్నొక్కదాన్నీ పెరట్లోకి పిలిచి అడిగేరు కదండీ. అడిగితే అందర్నీ అడగాలండి. ఆ ఇంట్లో ఉన్నోళ్ళందర్నీ, నలుగురి ముందూ. అప్పుడు నన్నూ అడగండి, చెప్తాను."

"ఆయ్, అలాగే. రేపు సాయంత్రం రా" అంది తులసి.

ఈలోగా ఇంట్లో సూర్యప్రకాశరావుగారు కండువా మూతికి అడ్డం పెట్టుకుని వసారాలో కూర్చున్నారు. పళ్ళు లేకుండా బంగారరాజుగారి కంట పడడం ఆయన వల్ల కాదు. సీతారత్నంగారు పులగంలో నెయ్యి వేసి, మెత్తగా మెదిపి తెచ్చి, ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. వాళ్ళ పెళ్ళిలో వాన పడ్డ సంగతి దగ్గర మొదలుపెట్టి, ఓడలరేవులో పీతలు కొన్న సంగతి దాకా వచ్చారు. ఆయన "ఊఁ, ఔను, ఆ ఫీత కరిఫింది" అంటున్నారు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. అత్తగారు ఇలా నవ్వగా తులసి చూసి చాన్నాళ్ళయింది. అయితే అప్పుడు ఆమె బుర్ర కిటికీ జాలీ చుట్టూ తిరుగుతోంది.

ఆదివారం సాయంత్రం గుడ్డలు మడతపెట్టి, హాల్లో కుర్చీలు వేసి, తులసి అందర్నీ కూర్చోబెట్టింది. మావయ్యగారు, అత్తగారు, సాయిబాబు, గుమ్మం దగ్గర కుర్చీలో బిగిసిపోయి నూకాలమ్మ. చర్చికి కట్టుకెళ్ళిన చీర మార్చకుండానే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు రాహేలుగారు. తులసి స్వయంగా చేసిన చేగోడీల పళ్ళెం అందరికీ తిప్పింది. మావయ్యగారు పళ్ళెం వంక చూసి, తులసి వంక చూసి, "నాకెందుకే ఇఫి?" అన్నారు బాధగా.

"సంప్రదాయమండీ" అన్నారు రాహేలుగారు.

తులసి గొంతు సవరించుకుంది.

"మావయ్యగారి పళ్ళు తీసిన మనిషి ఈ గదిలోనే ఉన్నారు."

సాయిబాబు చేగోడీ కొరకడం ఆపాడు. నూకాలమ్మ చేతులు కట్టుకుంది.

"ముందుగా, నూకాలమ్మని నేను అనుమానించడం తప్పు. అది అందరి ముందూ చెప్తున్నాను. జరిగిందేంటో మొదట్నుంచీ చూద్దాం. శనివారం పొద్దున్న నేను లేచి వంటింట్లోకి వెళ్ళేను. మావయ్యగారు ఇంకా లేవలేదు. పళ్ళు పోయినట్టు అప్పటికి ఎవరికీ తెలీదు. పొయ్యి మీద..."

అక్కడ ఆగిపోయింది.

పొయ్యి మీద పులగం. మెత్తగా, నమలక్కర్లేకుండా. పళ్ళు పోయాయని ఇంట్లో ఎవరికీ తెలియకముందే.

తులసి అత్తగారి వైపు తిరిగింది. సీతారత్నంగారు ఒళ్ళో చీర కుచ్చెళ్ళు ఒకదాని మీద ఒకటి సర్దుతున్నారు. సర్దినవే మళ్ళీ సర్దుతున్నారు. నిన్న వసారాలో కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన మనిషి ఇప్పుడు తలెత్తడం లేదు. పీతల కథ, పెళ్ళివాన, ఎదురుగా వేసుకున్న పీట, అన్నీ ఒక్కసారి తులసి కళ్ళ ముందు వరస కట్టాయి. పళ్ళు లేని ఆ నెలల్లోనే ఈ ఇంట్లో ఆవిడతో మాట్లాడే మనిషి ఉన్నాడు.

"చెప్పు తులసమ్మా, చెప్పేయ్" అన్నారు రాహేలుగారు కుర్చీ అంచుకి జరిగి. "పొయ్యి మీద?"

ఈ క్షణం కోసమే తులసి అన్ని పుస్తకాలు చదివింది. గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. పెళ్ళయ్యాక ఇంతమంది ఒకేసారి తన మాట కోసం ఎదురుచూడడం ఇదే మొదలు.

"పొయ్యి మీద పాలున్నాయండి. పాల కోసం పిల్లి వచ్చింది. పళ్ళు పట్టుకుపోయింది ఆ పిల్లే" అంది.

మావయ్యగారు మూతి మీద కండువా దించారు.

"ఫిల్లికి ఫల్లు లేఫా?" అన్నారు మావయ్యగారు.

ముందు నూకాలమ్మ నవ్వింది. ఆ తరవాత సాయిబాబు. కుర్చీలోంచి కిందకి జారిపోయి, "కిటికీకి జాలీ ఉంది కదే, పిల్లి ఎలా వచ్చిందే?" అని పొట్ట పట్టుకున్నాడు.

"అది ఇంకా తేలలేదండి" అంది తులసి. మొహం ఎర్రబడింది.

"మరి ఈ గదిలోనే ఉందన్నావు?" అన్నాడు సాయిబాబు.

"అప్పుడు ఉంది. ఇప్పుడు వెళ్ళిపోయింది."

రాహేలుగారు ఒక్కరే నవ్వలేదు. ఇంత చేతకాని ముగింపు ఆవిడ జన్మలో చదవలేదు. మిగిలిన చేగోడీలు రుమాల్లో కట్టుకుని, ముభావంగా వెళ్ళిపోయారు.

తులసి పెరట్లో అంట్లు సర్దుతుంటే వెనకాల అడుగుల చప్పుడైంది. అత్తగారు వచ్చి నూతి గట్టు మీద కూర్చున్నారు.

"ఎలా కనిపెట్టేవే?"

"పులగమండీ అత్తయ్యగారూ."

"ఛ. అట్లు పోయాల్సింది" అన్నారావిడ. "పళ్ళు లేనప్పుడు నాతో కూర్చున్నారే. పళ్ళొచ్చేక ఆ బంగారరాజుతో కూర్చుంటున్నారు. రెండు రోజులుంచి ఇచ్చేద్దామనే అనుకున్నాను" అన్నారు. "నీ మీద అందరూ నవ్వేరు. పిల్లి అని ఎందుకన్నావు?"

"మనింట్లో పిల్లి లేదు కదండీ. ఎవరికీ బాధ ఉండదని."

ఆవిడ నవ్వబోయి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఇంతకీ ఎక్కడ దాచేరండీ?"

"ఇంగువ డబ్బాలో."

మర్నాడు పొద్దున్న పళ్ళు పెరట్లో గుడ్డలుతికే రాయి వెనకాల "దొరికాయి". తెచ్చి ఇచ్చింది సీతారత్నంగారే.

"అక్కడ ఇప్పుడే ఊడ్చేనండీ, అక్కడేం లే..." అంటూ వచ్చిన నూకాలమ్మ, తులసి మొహం చూసి ఆగింది. ఆ తరవాత పెద్దమ్మగారి మొహం చూసింది. "ఆయ్, పిల్లే అయ్యుంటదండి. పాడు పిల్లి" అని చీపురు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

తులసి ఆ పళ్ళని వేణ్ణీళ్ళతో మూడు విడతలు కడిగింది. సూర్యప్రకాశరావుగారు పెట్టుకుని, నోరు అటూ ఇటూ తిప్పి చూసుకుని, కాఫీ ఓ గుక్క తాగారు.

"కాఫీ ఏంటే పులిహోరలా ఉంది?"

ఆయన పళ్ళు తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశారు. ఇంట్లో ఇంగువ డబ్బా మూత తీసే చెయ్యి ఒకటే. తులసి పోపు వెయ్యబోయినా ఇంగువ మాత్రం అత్తగారే చిటికెడు లెక్క చూసి వేస్తారు. ఆయన భార్య వైపు చాలాసేపు చూశారు. ఆవిడ చిక్కుడుకాయలకి మహా శ్రద్ధగా ఈనెలు తీస్తున్నారు.

పళ్ళు మళ్ళీ పెట్టుకుని, కండువా భుజాన వేసుకున్నారు.

"రత్నం, లే. చీర మార్చుకో. సెంటర్లో పెసరట్టు తిని వద్దాం."

"నేనా? హోటలుకా? నలుగురిలో?"

"మరి పిల్లిని తీసుకెళ్ళమంటావా?"

వాళ్ళిద్దరూ ఆటో ఎక్కాక తులసి పరుగున రాహేలుగారింటికి వెళ్ళి మొత్తం చెప్పింది. టీచరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"అంటే నువ్వు పట్టుకున్నావన్నమాట! అందరి ముందూ నిలబడి పిల్లి అన్నావా! పేరమ్మయితే చెప్పేసేదమ్మా."

"పేరమ్మకి అత్తగారు లేరు కదండీ" అంది తులసి.

రాహేలుగారు ఆలోచించి, అది నిజమే అన్నారు. లోపలికి వెళ్ళి రెండు కప్పుల టీ పెట్టుకొచ్చారు. పులగం దగ్గర్నుంచి మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి సరైన చోట నవ్వారు.

ఎండెక్కేక ఆటో వచ్చి ఆగింది. సీతారత్నంగారు ముందు దిగారు. మొహం వెలిగిపోతోంది.

"పెసరట్టులో అల్లమే లేదే" అన్నారు కోడలితో, గుమ్మంలో చెప్పులు విడుస్తూ. "వంటవాణ్ణి పిలిచి చెప్పేను. ఆ బంగారరాజుగారికి కూడా చెప్పేను, కాలువల రాజకీయాలు ఆయనకేం తెలీవు. రేపు వెళ్ళి మిగతాది చెప్పాలి."

వెనకాలే సూర్యప్రకాశరావుగారు నెమ్మదిగా దిగి, ఆటో అతనికి డబ్బులిచ్చి, ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్ళి మంచం మీద వాలారు.