వైరు తిరగేసి విన్న గొంతు

ఆదోనిలో మూతబడిన ఒక సినిమాహాలు నుంచి నీలకంఠం ఆ పాత స్పీకరు కొని తెచ్చినప్పుడు ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో నవ్వనివాళ్ళు లేరు. నడుమెత్తు చెక్కపెట్టె, దాని నెత్తిన తూములాంటి ఇనుప హారన్. మోతంతా పెట్టెలోంచి, సన్నని శబ్దమంతా హారన్‌లోంచి వస్తాయి. పాటలో ఏ భాగం ఎటు పోవాలో పంచేది వెనకనున్న క్రాసోవర్, నాలుగు కాయిళ్ళూ కండెన్సర్లూ బిగించిన పలక. నీలకంఠం భార్య అంబమ్మ ప్రతి శనివారం భజనలో ఆ స్పీకరులోనే పాడేది. నవ్వినవాళ్ళే వచ్చి కూర్చుని వినేవాళ్ళు.

ఆమె పోయి ఏడాది అవుతోంది. ఏడాది తిథి నాడు ఆమె పాడే పాటల్ని జట్టు ఆ స్పీకరులోనే పాడాలని నీలకంఠం పట్టు. కానీ ఎండిపోయిన కండెన్సర్లు తీసేసి అతను కొత్త క్రాసోవర్ కట్టినప్పటి నుంచి భజన జట్టుకు చెవిపోటు. ఆదోని మైకుసెట్టు సామ్సన్ తన కొత్త బాక్సులతో ముందురోజే వచ్చాడు. సాయంత్రంలోగా ఇది కుదరకపోతే అవే పెడదామని జట్టు తేల్చి చెప్పింది.

నీలకంఠం జంకలేదు. అంబమ్మ పక్కన పాడే ఉరుకుందమ్మను ఒకే స్వరం సాగదీసి పాడమన్నాడు. పెట్టె వదిలిన శబ్దాన్ని హారన్ అందుకునేది సరిగ్గా ఆ స్వరం దగ్గరే. తర్వాత హారన్ వైరు తిరగేసి తగిలించాడు. గొంతు బావిలో పడ్డట్టు కుంగింది.

"ఏం బావా, బాగు చేయమంటే పూడ్సి పెడతాండావే?" అంది ఉరుకుందమ్మ.

"ఇంకా పూడాల. ఎంత పూడితే అంత మంచిది."

పెట్టె, హారన్ రెండూ ఒకచోట సమానంగా కలుస్తుంటే, వైరు తిరగేసినప్పుడు ఒకటి గాలిని తోస్తే రెండోది లాగి ఒకదాన్నొకటి మింగేయాలని అతను వివరించాడు. గొంతు మిగిలిందంటే కలవలేదన్నమాట. కండెన్సర్ మార్చాడు. స్వరం మరింత కుంగింది. హారన్‌ను పెట్టె మీద నాలుగు వేళ్ళు వెనక్కి జరిపాడు. దాదాపు మాయమైంది. అప్పుడు వైరు మామూలుగా తగిలించాడు. గొంతు నిండుగా వచ్చింది. సామ్సన్ స్పీకరు ముందు అటూ ఇటూ నడిచి విన్నాడు. అతుకు ఎక్కడుందో తెలియడం లేదని ఒప్పుకున్నాడు.

ఉరుకుందమ్మ మాత్రం మాటలతో పాడినప్పుడు మొహం చిట్లించింది. చెవిలో పుల్ల పెట్టినట్టుందంది. నీలకంఠానికి అలాంటిదేమీ వినబడలేదు. కలిపింది సరిగ్గా ఉంది, హారన్ జోరు పెంచే నాబ్ ఎప్పుడూ ఉండే చోటే ఉంది, అప్పుడు లేని పోటు ఇప్పుడెక్కడిదని నిలదీశాడు.

ఉరుకుందమ్మ నాబ్ వైపు చూసింది.

"అప్పుడు అక్క ఉండె కదా బావా. నువ్వు పెట్టేసి మగ్గం కాడికి పోతానే ఆ నాబ్ తగ్గిస్తాండె. భజన అయినంక మళ్ళా నీ సోటికే తిప్పుతాండె."

నీలకంఠం చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"నాకు సెప్పలేదే?"

"మగ్గం సప్పుడుకు ఆయనకు సన్న సప్పుళ్ళు ఇనబడకుండా పోయినాయి, సెప్తే సిన్నబుచ్చుకుంటాడు అనె."

సామ్సన్ బాక్సులున్న తన వ్యాన్ వైపు చూశాడు. నీలకంఠం క్రాసోవర్ వైపు చూశాడు. అందులో తప్పు లేదు. కలపడం తన చెవికి అందే పని, అది తను చేశాడు. మిగిలింది తన చెవికి అందని పని. ఉరుకుందమ్మను పిలిచి నాబ్ చూపించాడు.

"అక్క యాడ పెడతాండెనో ఆడ పెట్టు."

ఆమె పాడుతూ కొద్దికొద్దిగా తగ్గించింది. అతనికి మాటలు దుప్పటి కింద నుంచి వస్తున్నట్టు వినబడ్డాయి. అయినా ఆపలేదు. ఆమె చెయ్యి తీశాక నాబ్ కదలకుండా టేపు చుట్టి, బాక్సులు దించనక్కర్లేదని సామ్సన్‌తో చెప్పాడు.

మర్నాడు అతను మగ్గం దగ్గరకు పోలేదు. ఆడవాళ్ళ వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎవరూ మొహం చిట్లించలేదు. పాటలో సగం మాటలు అతనికి అందలేదు. అవి అతనికి తెలిసిన మాటలే.